క్రోబ్లాన్ మీద పోసిన మట్టి

వాన గట్టిగా అరగంట కూడా కురవలేదు. జూన్ నెల, ద్రాక్ష పూత రాలి పిందె కట్టే రోజులు. మధ్యాహ్నం భోజనాల వేళ మబ్బు కొండ వెనక నుంచి నల్లగా లేచి వచ్చింది. షాంబ్రెయ్ ఊరి మీద కుండలతో కుమ్మరించినట్టు కురిసి, ఏమీ ఎరగనట్టు ఆవలి లోయలోకి దిగిపోయింది. ఎర్మాన్స్ తింటున్న రొట్టెముక్క చేత్తో పట్టుకునే తోటకి పరుగెత్తింది.

బళ్ళబాట కనిపించలేదు. బాట ఉండాల్సిన చోట తెల్లటి అడుసు, పిడికెడంత రాళ్ళు, వేళ్ళతో సహా కొట్టుకొచ్చిన తీగలు. బాటకి దిగువన ఉన్న తన తోట గ్రాస్తేర్‌లో మొక్కలు మోకాలి దాకా పూడుకుపోయాయి. ఎగువన అన్నగారి తోట క్రోబ్లాన్ వైపు చూడబోయి తల తిప్పుకుంది. అక్కడ మట్టి లేదు. పచ్చిగాయంలో ఎముక బయటపడ్డట్టు బండ తేలింది. తీగల వేళ్ళు గాల్లో వేలాడుతున్నాయి.

ఆ రెండు తోటలూ ఒకప్పుడు ఒక్క మనిషివే. బర్గండీలో ఆ కొండవాలంతా ముక్కలు ముక్కలుగా పంచుకున్నదే గానీ, ఎర్మాన్స్ తండ్రికి మాత్రం బాటకి ఇటూ అటూ రెండు ముక్కలూ ఉండేవి. రెంటిలో ఒకే రకం ద్రాక్ష. ఒకే చేతులు కత్తిరించేవి, ఒకే పీపాల్లో పులిసేది, ఒకే నేలమాళిగలో పడుకునేది. బండి పట్టేంత బాట ఒక్కటే అడ్డం. అయినా వైన్ మాత్రం ఒకటి కాదు. గ్రాస్తేర్ అంటే కొవ్వు నేల. మనిషి లోతు ఎర్రటి బంకమట్టి. అందులో పండిన వైన్ గుమ్మంలోనే ఎదురొచ్చి కావలించుకుంటుంది, నోరంతా పండిన చెర్రీపళ్ళ రుచి నింపుతుంది. ఎనిమిదేళ్ళు దాటితే చెప్పడానికి దానికింక కబుర్లుండవు. క్రోబ్లాన్‌లో జానెడు తెల్లమట్టి, దాని కింద సున్నపురాయి. అక్కడి వైన్ మొదటి అయిదేళ్ళూ పలకరించినా పలకదు. పలచగా, బిర్రుగా, కాస్త కోపంగా ఉంటుంది. తర్వాత ఎప్పుడో ఒక చలికాలం సీసా విప్పితే నాలుక కొస మీద సన్నటి ఉప్పదనం వదిలి, గంట సేపు కదలదు. ఊళ్ళో గౌరవమంతా దానిదే.

తండ్రి పోయాక ఆ గౌరవం పెద్దవాడని అన్సెల్మ్‌కి వచ్చింది. గ్రాస్తేర్ ఎర్మాన్స్‌కి వచ్చింది. అన్సెల్మ్ పట్టాళంలో ఉన్న ఏళ్ళన్నీ తండ్రి వెంట క్రోబ్లాన్‌లో తీగలు కత్తిరించింది ఎర్మాన్సే. ఏ వరసలో బండ పైకుంటుందో, ఏ మూల తేమ నిలుస్తుందో చీకట్లో తడిమినా చెప్పగలదు. అయినా పంపకం నాడు నోరు మెదపలేదు. పెళ్ళి చేసుకోలేదు, తోటే సంసారమనుకుంది. అన్సెల్మ్ చెడ్డవాడు కాదు, కానీ నోటి దురుసు. ప్రతి ఆదివారం చర్చి ముందు కనబడగానే నలుగురిలో, "ఏమే, మీ బురద ఎలా ఉంది?" అనేవాడు. పద్నాలుగేళ్ళుగా అదే మాట. ఎర్మాన్స్ కూడా పద్నాలుగేళ్ళుగా నవ్వుతూనే ఉంది.

వాన వెలిసిన ఆ మధ్యాహ్నం అన్సెల్మ్ భార్య బ్లాందీన్‌తో కలిసి బాట దగ్గరికి వచ్చాడు. అప్పటికే ఇరుగు పొరుగు తోటల వాళ్ళు పదిమంది దాకా పోగయ్యారు. జారిన మట్టి ఎవరిదన్న తగవు ఆ ఊళ్ళో ఎప్పుడూ లేదు. పైవాడు వీపుబుట్టలతో వచ్చి మోసుకెళ్తాడు, కిందివాడు పక్కకి తప్పుకుంటాడు, అంతే. అన్సెల్మ్ తన తోట వంక చాలాసేపు చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"రేపు బుట్టలు పట్టుకొస్తా," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. అక్కడితో ఆగినా బాగుండేది. అందరూ చూస్తున్నారు, ఏదో ఒకటి అనాలనిపించింది కాబోలు, నవ్వుమొహం పెట్టి, "ఇన్నాళ్ళకి నీ బురదకి కాస్త మర్యాద దక్కిందే చెల్లీ," అన్నాడు.

ఒకరిద్దరు నవ్వారు. ఎర్మాన్స్ చేతిలో రొట్టెముక్క ఇంకా అలాగే ఉంది. దాన్ని అడుసులోకి విసిరేసింది.

"రేపు రావడం కాదు. ఇది నా తోట. అడిగి తీసుకెళ్ళు."

"ఏంటీ?"

"అడుగు. చెల్లీ, నా మట్టి నాకు ఇస్తావా అని అడుగు. ఇస్తాను."

"నాన్న మట్టి నేను నిన్ను అడగాలా?"

"నాన్న మట్టి నాన్నతోనే పోయింది. ఇప్పుడిది నా బురదలో ఉంది."

అన్సెల్మ్ మెడ ఎర్రబడింది. బ్లాందీన్ మోచేయి పట్టుకుని లాగింది. ఇద్దరూ వెళ్ళిపోయారు.

రెండు రోజులు పోతే కోపం తగ్గి వస్తాడనుకుంది ఎర్మాన్స్. రాలేదు. తన మొక్కలకి ఊపిరాడక ఆకు పసుపు తిరుగుతోంది. ఆగలేక తనే పార పట్టుకుని వరస వరసా గోకి, ఆ తెల్లమట్టినీ రాళ్ళనీ పడమటి గోడ పక్కన కుప్ప పోసింది. పదిహేను రోజులు పట్టింది. మట్టి వానకి కరిగిపోకుండా పైన పరదా కప్పింది. ఒక్క మాట వెనక్కి తీసుకుంటే సరిపోయేది. వాళ్ళ గుమ్మం రెండు వీధుల అవతల. వెళ్ళలేదు. అలా ఎందుకు వెళ్ళలేదో తర్వాత్తర్వాత ఎన్నిసార్లు తనని తాను అడుక్కుందో లెక్క లేదు.

ఆగస్టు నడిమి చర్చి పండక్కి ఊరు సగం ఖాళీ అయింది. ఆ మర్నాడు పొద్దున్నే ఎగువ నుంచి లారీల మోత వినబడి ఎర్మాన్స్ బాటెక్కి చూసింది. కింద మైదానంలో కొత్తగా పెద్ద రోడ్డు వేస్తున్నారు. అక్కడ తవ్విపోసిన మట్టి అది, ముదురు గోధుమరంగు బంకమట్టి, అక్కడక్కడా ఇటుక పెంకులు. మూడు లారీలు క్రోబ్లాన్ గట్టున కుమ్మరించి వెళ్ళిపోయాయి. అన్సెల్మ్ పారతో లాగుతున్నాడు, బ్లాందీన్ పళ్ళగొర్రుతో చదును చేస్తోంది.

"వదినా, ఇదెక్కడి మట్టి?"

బ్లాందీన్ తలెత్తకుండానే, "మట్టి మట్టే కదా అంటాడు మీ అన్న. నన్నడక్కు," అంది.

"తెలిస్తే సీసా మీద తోట పేరు తీసేస్తారు. బయటి మట్టి పొయ్యకూడదని ఆయనకి తెలీదా?"

"తెలుసు. మొక్కలు చస్తున్నాయని కూడా తెలుసు. ఇంకెక్కడ తెమ్మంటావు?"

ఎర్మాన్స్ తల తిప్పి కింద తన పడమటి గోడ వైపు చూసింది. అన్సెల్మ్ అటు తిరిగి పని చేసుకుంటూనే ఉన్నాడు. పండగ నుంచి ఊరు తిరిగొచ్చేసరికి వాళ్ళు పైన తెల్లరాళ్ళు ఒక పొర పరిచేశారు. చూసినవాళ్ళు, అన్సెల్మ్ ఎక్కణ్ణుంచో తన రాళ్ళు తనే ఏరుకున్నాడనుకున్నారు. ఎర్మాన్స్ ఎవరికీ చెప్పలేదు. చెప్పాలంటే ముందు తను దాచిన కుప్ప సంగతి చెప్పాలి.

మూడేళ్ళు గడిచాయి. అన్సెల్మ్ తోట పచ్చగా తేరుకుంది. మరీ పచ్చగా. పక్క వరసల్లో తీగ నడుము దాకా వచ్చి ఆగితే, అతని తోటలో ఛాతీ దాకా సాగేది. ఆకు అరచేయంత వెడల్పు, గుత్తులు బరువుగా, గింజలు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ. వాన పడ్డ గంటకి పక్కవాళ్ళ నేల ఆరిపోయేది. అతను మాత్రం మర్నాటికీ చెప్పులకి అంటిన మట్టి గోక్కుంటూ దిగేవాడు. ఆదివారాలు చర్చి ముందు బురద మాట ఎత్తడం మానేశాడు. అసలు పలకరించడమే మానేశాడు.

ఊరి వైన్‌కి ఊరి పేరు, తోట పేరు పెట్టుకోవాలంటే ఏటా రుచి పరీక్ష నెగ్గాలి. ఆ పద్ధతి వచ్చి అప్పటికి ఏడేళ్ళయింది. ఊరి భవనంలో అయిదుగురు కూర్చుంటారు. గ్లాసుల మీద అంకెలుంటాయి, పేర్లుండవు. నాలుక మంచిదని మొదటి ఏడాదే ఎర్మాన్స్‌ని ఎన్నుకున్నారు. వాళ్ళకి పెద్ద త్రెమో, డెబ్బై దాటిన ముసలాయన. క్రోబ్లాన్‌లో ఆయనకీ నాలుగు వరసలున్నాయి.

వాన తర్వాత మొదటి రెండు కోతల్లో తేడా బల్ల మీద పట్టుబడేంత లేదు. మూడో కోత వైన్ ఆ వసంతంలో బల్ల మీదికి వచ్చింది. క్రోబ్లాన్ పేరు మీద నాలుగు గ్లాసులు. ఎర్మాన్స్ మొదటిది చప్పరించింది, మూతి ముడుచుకున్న పాత నేస్తం. రెండోదీ అంతే. మూడోది నోట్లో పోసుకుని ఆగిపోయింది. మెత్తగా, తియ్యగా, నిండుగా ఉంది. గ్రాస్తేర్ కూడా కాదు. గ్రాస్తేర్ అయితే కళ్ళు మూసుకుని చెప్పేస్తుంది. ఇది ఏ కొండదీ కాదు. నాలుక కొసన వెతికింది. ఉప్పదనం లేదు.

"మూడోది సుఖంగా ఉంది," అన్నాడు ఒకాయన. "ఈసారి ఎండలు బాగా కాశాయిగా, అందుకేమో."

"ఎండ అందరికీ కాసింది," అన్నాడు ఇంకొకాయన.

ఇద్దరు సరే అన్నారు, ఇద్దరు కాదన్నారు. త్రెమో కళ్ళజోడు తీసి ఎర్మాన్స్ వైపు తిరిగాడు. "అమ్మాయ్, నువ్వా రాళ్ళ మీద పెరిగినదానివి. నీ మాటే చివరి మాట."

నలభై ఎనిమిదేళ్ళ మనిషిని ఆయనింకా అమ్మాయ్ అనే పిలుస్తాడు. ఎర్మాన్స్ ఇంకోసారి గ్లాసెత్తింది, తాగలేదు. బాగుందని అంటే అయిపోతుంది. ఏడాది గడుస్తుంది, పై ఏడు మళ్ళీ ఇదే బల్ల. నేను నిజం చెబుతున్నానా, పద్నాలుగేళ్ళ బురద మాటకి కక్ష తీర్చుకుంటున్నానా అనుకుంది. ఎంత వెతికినా ఆ రెంటినీ విడదీయడం చేతకాలేదు.

"మూడోది క్రోబ్లాన్ కాదు," అంది.

అంకె తిప్పి చూశారు. అన్సెల్మ్ పేరు.

వారం తిరక్కుండా ఊళ్ళో కథ అల్లేశారు. అన్సెల్మ్ పైతోట వైన్‌లో కిందితోటది కలిపాడని, చెల్లెలే చాటుగా అమ్మిందని, లెక్కలు తేలక ఆవిడే పట్టించిందని. రొట్టెల కొట్లో ఎర్మాన్స్ అడుగు పెట్టగానే మాటలు ఆగిపోయేవి.

ఒక మధ్యాహ్నం ఎర్మాన్స్ నేలమాళిగలో ఆవిరై తగ్గిన పీపాలు నింపుతుంటే మెట్ల మీద బూట్ల చప్పుడైంది. అన్సెల్మ్. మూడేళ్ళలో ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. చంకలో సీసా ఉంది.

"నీ వైన్ కొని నా పీపాల్లో పోసుకున్నానంటున్నారు. నువ్వు నాకు అమ్మావా?"

"లేదు."

"మరి చెప్పవేం?"

"చెబితే, అయితే తేడా ఎలా వచ్చిందంటారు. ఏం చెప్పమంటావ్?"

అన్సెల్మ్ సీసా బిరడా లాగి, ఆమె గ్లాసులోనే పోశాడు. "అంకెలు చూసి కాదు. నా మొహం చూసి చెప్పు."

ఎర్మాన్స్ తాగింది. తొందరపడలేదు. "బానే ఉంది. మెత్తగా ఉంది. ఎవరిచ్చినా తాగుతారు."

"కానీ?"

"ఇది ఎక్కడిదైనా కావచ్చు అన్నయ్యా."

అతను ఖాళీ పీపా మీద కూలబడ్డాడు. మోకాళ్ళ మీద చేతులు ఆనించాడు. "నాకు తెలీదనుకున్నావా. రెండో ఏడే తెలిసింది, పీపాలో ఉండగానే. అలవాటు పడతానేమో అనుకున్నా."

"మరి నన్నెందుకు అడగడం?"

"నువ్వు బాగుందంటే నేనూ నమ్ముదామని."

ఎర్మాన్స్ గ్లాసు పీపా మీద పెట్టింది. "తీసేద్దాం ఆ మట్టి. ఇద్దరం కలిసి తీసేద్దాం. నీది గోడ పక్కనే ఉంది, పిడికెడు కూడా పోలేదు."

అన్సెల్మ్ లేచాడు. "ఊరందరి ముందు అడుక్కోమన్నావు."

"అడుక్కోమనలేదు. అడగమన్నాను."

"నీకు ఆ రెంటికీ తేడా ఉందేమో. నాకు లేదు. ఆ మట్టి నువ్వే ఉంచుకో. నీ గోరీ మీద పోయించుకో."

సీసా అక్కడే వదిలేసి మెట్లెక్కి వెళ్ళిపోయాడు. ఆమె ఆ పూట మళ్ళీ పీపాల జోలికి వెళ్ళలేకపోయింది.

కల్తీ చేశాడన్న పేరు ఒక్కసారి పడితే మనవల దాకా పోదు. మట్టి తప్పయితే తీస్తే పోతుంది. ఎర్మాన్స్ రెండు రోజులు తిండి సహించక తిరిగి, మూడో రోజు త్రెమో ఇంటికి వెళ్ళింది. ఆయన పెరట్లో చిక్కుడుకి కర్రలు పాతుతున్నాడు.

"పీపాల్లో తప్పు లేదు త్రెమో గారూ. మా అన్న నోరు చెడ్డదే గానీ కలిపే మనిషి కాదు."

"మరి ఆ వైన్ అలా ఎందుకుంది?"

"తోట తవ్వి చూడండి."

ముసలాయన కర్ర కింద పెట్టి, ఆమె వైపు చూసి, చేతులకి అంటిన మట్టి దులుపుకున్నాడు.

శుక్రవారం పొద్దున క్రోబ్లాన్ మధ్య వరసలో గొయ్యి తీశారు. పరీక్ష చేసే అయిదుగురూ ఉన్నారు, అన్సెల్మ్, బ్లాందీన్ గట్టున నిలబడ్డారు. పైన తెల్లరాళ్ళ పొర రెండు వేళ్ళ మందం. దాని కింద మూరెడు గోధుమరంగు బంకమట్టి, గడ్డపారకి అంటుకుని రానంటోంది. అందులోంచి ఎర్రటి పెంకు ఒకటి బయటపడింది. ఇంకా కింద, తడి తగలక తెల్లగా, పాత బండ. ఎవరికీ ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది. తీగ వేళ్ళు బంకమట్టిలోనే అడ్డంగా పాకాయి. కిందికి దిగడం మానేశాయి.

త్రెమో కాగితం మీద రాసుకుంటున్నాడు. మట్టి తీసేదాకా తోట పేరు వాడకూడదు, అప్పటిదాకా మామూలు వైన్‌గా అమ్ముకోవాలి.

"ఇంకోటి రాయండి," అంది ఎర్మాన్స్. "ఇక్కణ్ణుంచి జారిన మట్టి నా తోటలో ఉంది. అడిగితేనే ఇస్తానన్నాను. ఈ ఊళ్ళో ఎవరూ అలా అనలేదు, నేనన్నాను."

త్రెమో కలం ఆపాడు. "ఇది రాసే సంగతి కాదమ్మాయ్."

"అయినా వినండి."

అందరూ విన్నారు. అన్సెల్మ్ కూడా విన్నాడు. అతని మొహంలో కోపం లేదు. మెత్తబడటమూ లేదు. ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చెల్లెల్ని ఒకసారి చూసి గట్టు దిగి ఇంటికి నడిచాడు.

ఆకు రాలే దాకా అతను తోటలో వేలు పెట్టలేదు. కోత కూడా బ్లాందీనే కూలీలని పెట్టి చేయించింది. జనవరి వచ్చింది. నేల గట్టిపడి, గాలి చెవులు కోస్తోంది. ఎర్మాన్స్ చేతిపార, వీపుబుట్ట తీసుకుని తనంతట తనే క్రోబ్లాన్ ఎక్కి మొదటి వరస గోకడం మొదలుపెట్టింది. యంత్రంతో అయ్యే పని కాదు, తీగల వేళ్ళు తెగుతాయి. రెండు రోజుల్లో సగం వరస అయింది. మూడో రోజు నీడ మీద పడితే తలెత్తింది. అన్న.

"నా తోటలోంచి దిగు," అన్నాడు.

"ఇంకాసేపట్లో ఈ వరస..."

"దిగమన్నాను."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే ఆమె కూడా ఏదో అనేది. బుట్టలో ఉన్న మట్టి గట్టున కుమ్మరించి దిగి వచ్చేసింది. బాట దాటి తన తోటలోకి వచ్చాక వెనక్కి తిరిగి చూస్తే, ఆమె ఆపిన చోటునుంచే అన్సెల్మ్ వంగి గోకుతున్నాడు.

మర్నాడు ఎర్మాన్స్ గోడ పక్కన కుప్ప మీంచి పరదా తీసింది. రాళ్ళు విడిగా, మట్టి విడిగా జల్లించి, నాలుగు బుట్టలు బాట పక్కన, సరిగ్గా అన్న వరసల కింద పోసి వచ్చింది. వారం రోజులు అవి అలాగే ఉన్నాయి. తను పోస్తూనే ఉంది. ఎనిమిదో రోజు వెళ్ళేసరికి అక్కడ నేల ఖాళీగా ఉంది, చీపురుతో ఊడ్చినట్టు.

అలా రెండు చలికాలాలు. అతను బంకమట్టి దించేవాడు, ఆమె తెల్లమట్టి అందించేది. పది అడుగుల దూరంలో వంగి పనిచేసిన రోజులున్నాయి. ఒకరి దగ్గు ఒకరికి వినబడేది. మాట మాత్రం లేదు. ఒకసారి అతని బుట్ట పట్టీ తెగితే ఎర్మాన్స్ తన బుట్ట బాట మీద పెట్టి పక్కకి నడిచింది. అతను దాన్ని వాడుకుని సాయంత్రం అక్కడే పెట్టి వెళ్ళాడు. రెండో ఏడు మార్చిలో కుప్ప అయిపోయింది. చివరి బుట్ట పోసి వచ్చాక ఆమెకి ఏం చెయ్యాలో తోచలేదు. పార కడిగి ఇంటికి పోయింది.

ఇంకో గొయ్యి తీసి చూసి, తోటకి పేరు తిరిగి ఇచ్చారు. అప్పటికి ఎర్మాన్స్ రుచి బల్ల నుంచి తప్పుకుంది. ఎందుకని త్రెమో అడిగితే, నాలుక మొద్దుబారిందని అబద్ధం చెప్పింది.

ఆ తర్వాత ఆరేళ్ళకి, నవంబరులో ఒక మధ్యాహ్నం బ్లాందీన్ కాగితంలో చుట్టిన సీసాతో వచ్చింది. తోట పేరు తిరిగొచ్చిన ఏటి వైన్.

"ఆయన పంపాడా?" అంది ఎర్మాన్స్.

"పంపలేదు. బల్ల మీద పెట్టి, నేను బయటికెళ్తున్నా, సాయంత్రం దాకా రాను అన్నాడు. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురం నాది, ఆ మాత్రం అర్థం కాదా."

ఇద్దరూ వంటింట్లో కూర్చున్నారు. ఎర్మాన్స్ జున్ను కోసింది, రెండు గ్లాసులు తెచ్చింది. వైన్ మొదట బిర్రబిగుసుకుంది, అది మంచిదే. కాసేపాగి మళ్ళీ తాగింది. ఉప్పదనం ఉన్నట్టే ఉంది, అంతలోనే ఆ మెత్తదనం ఏదో వచ్చి కప్పేసింది. తీగలు కిందికి దిగుతున్నాయి కాబోలు, కానీ మరిచిపోయిన దారి ఒక్కసారిగా గుర్తు రావడం లేదు. తండ్రి చేతి వైన్ కాదిది. ఇక ఎప్పటికీ అవుతుందో లేదో తెలియదు.

"ఆయనకేమని చెప్పను?" అంది బ్లాందీన్.

బాగుందని చెప్పు అనబోయింది. వదిన మొహంలో ఆ మాటే కావాలన్న ఆశ కనిపిస్తోంది కూడా. ఎర్మాన్స్ గ్లాసు కింద పెట్టింది.

"ఇంకా రాలేదని చెప్పు."

బ్లాందీన్ జున్నుముక్క తుంపుకుని నెమ్మదిగా నమిలింది. "పొద్దున ఆయనా అదే అన్నాడు."

కిటికీ బయట సన్నగా తుంపర మొదలైంది. ఎర్మాన్స్ అప్రయత్నంగా లేచి కొండ వైపు చూసి, మామూలు వానే అనుకుని మళ్ళీ కూర్చుంది.

"నడుము ఎలా ఉంది ఆయనకి?"

"వంగితే లేవలేడు. డాక్టరు మానెయ్యమన్నాడు. వింటేగా."

"పైనుంచి మూడో వరసలో బండ ఎత్తుగా ఉంటుంది, అక్కడ గట్టిగా తవ్వొద్దని చెప్పు. పార ఎగిరి నడుం పట్టేస్తుంది."

"నువ్వే చెప్పరాదూ?"

ఎర్మాన్స్ సీసా ఎత్తి వెలుగులో చూసింది. సీసాలో ఇంకా సగం పైన ఉంది. బ్లాందీన్ తన గ్లాసు ముందుకి జరిపింది. ఎర్మాన్స్ పోసింది.